తాళి శాస్త్రంలో ఉందా?

పెళ్లిళ్ల కాలం వస్తే తిరుపతి కల్యాణ మండపాల్లో ఒక వాదన మొదలవుతుంది. ఫలానా తంతు శాస్త్రంలో లేదు, ఉత్త ఆనవాయితీ, మానేద్దామని ఒకరంటారు. అది లేకుండా మా ఇంట్లో పెళ్లే జరగలేదని పెద్దముత్తయిదువ పట్టుబడుతుంది. చాలాసార్లు ఆమె మాటే వీగిపోతుంది. అది అన్యాయం.

పెళ్లితంతులో అతి పాతది పాణిగ్రహణం. చేయి పట్టుకుని వరుడు చదివే ‘గృభ్ణామి తే సౌభగత్వాయ హస్తం’ ఋగ్వేదం పదో మండలం 85వ సూక్తంలోది. సన్నికల్లు తొక్కడం, ఏడడుగులు గృహ్యసూత్రాల్లో, అంటే ఇంట్లో చేసే కర్మల విధానం చెప్పే ప్రాచీన గ్రంథాల్లో ఉన్నాయి. తాళి మాత్రం వాటిలో కనిపించదు. ‘మాంగల్యం తంతునానేన’ వేదమంత్రం కాదు, తర్వాత చేరిన శ్లోకం.

జీలకర్ర బెల్లం కూడా అంతే, అది తెలుగువాళ్ల ఆచారం. అయినా గడియ చూసి ముహూర్తం పెట్టేది దానికే! మధ్యన అడ్డుతెర, తమలపాకులో మెత్తగా నూరిన ముద్ద, ఒకరి నడినెత్తిన మరొకరి చేయి, ఒక్కసారిగా మేళం జోరు. కలిపి నూరాక ఆ రెంటినీ విడదీయలేం, దంపతులూ అలాగే ఉండాలన్నది పెద్దలు చెప్పే అర్థం.

తలంబ్రాలకైతే మన కొండ మీదే సాక్ష్యం ఉంది. 15వ శతాబ్దపు అన్నమయ్య అలమేలుమంగను ‘పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు’ అని పాడాడు. అప్పటికే అది అందరికీ తెలిసిన ముచ్చటై ఉండాలి.

ఇంతకీ శాస్త్రం ఏమంటోంది? ఆశ్వలాయన గృహ్యసూత్రం వివాహ ప్రకరణాన్ని మొదలుపెడుతూనే, దేశాచారాలు, గ్రామాచారాలు రకరకాలుగా ఉంటాయి, పెళ్లిలో వాటిని పాటించండి అంటుంది. ఆంధ్రదేశంలో ఎక్కువ కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ సూత్రం మరీ స్పష్టంగా, ఆచారాలను స్త్రీలనడిగి తెలుసుకోమంది. పెద్దముత్తయిదువ మాటకు ఇంతకంటే ఏ ప్రమాణం కావాలి? 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను కూడా వధూవరుల్లో ఎవరో ఒకరి పక్షపు ఆచారం ప్రకారం జరిగిన పెళ్లిని ఒప్పుకుంటుంది. సప్తపది అందులో భాగమైతే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టే.

ఇదే ఆచారం పేరు చెప్పి కట్నం అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ ప్రమాణాలేవీ అక్కరకు రావు. 1961 నుంచి అది నేరం. మన స్థలపురాణంలోనూ, నారాయణవనంలో పద్మావతితో పెళ్లి కోసం కుబేరుడి దగ్గర అప్పు చేసింది పెళ్లికొడుకు శ్రీనివాసుడే.