పాతబస్తీ, పోలీసు ఠాణా: నిజం తేలినా దక్కని న్యాయం

హైదరాబాద్ పాతబస్తీలో ఇంట్లో దొంగతనం జరిగినా, పిల్లవాణ్ని పోలీసులు పట్టుకెళ్లినా చాలా కుటుంబాలు నేరుగా ఠాణాకు వెళ్లవు. ముందు గల్లీలో పలుకుబడి ఉన్న పెద్దమనిషి దగ్గరికో, కార్పొరేటర్ ఇంటికో, ఎమ్మెల్యే ఆఫీసుకో వెళ్తాయి. ఆయన ఫోను చేసి చెప్పాకో, తన మనిషిని తోడు పంపాకో స్టేషన్ మెట్లెక్కుతాయి. బయటివాళ్లు దీన్ని ఒక పార్టీకి ఉన్న పట్టుగా మాత్రమే చూస్తారు. పట్టు ఉన్నమాట నిజమే. కానీ దానికి పునాది భయం. ఒంటరిగా పోతే తమ మాట ఎవరూ వినరని, ఫిర్యాదు చేయబోయినవాడే కేసులో ఇరుక్కుంటాడని. పోలీసు మీద నమ్మకం ఉన్నచోట మధ్యవర్తికి పని ఉండదు.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు 12.7 శాతం, హైదరాబాద్ జిల్లాలో 43 శాతం. ఇంతమంది ఉన్న నగరంలో, ఒకప్పుడు పోలీసు కొలువుల్లో ముస్లింలే ఎక్కువగా ఉన్న నగరంలో ఈ దూరం ఎలా పెరిగిందో తెలియాలంటే నిజాం రోజులదాకా పోవాలి.

అప్పుడు పరిస్థితి ఇందుకు తలకిందులు. సైన్యంలో, పోలీసుల్లో, పెద్ద ఉద్యోగాల్లో జనాభాకు మించి ముస్లింలుండేవారు. 1920 నుంచి 1934 దాకా నగర కొత్వాలుగా, అంటే నగర పోలీసు అధిపతిగా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిని ఇప్పటికీ ప్రత్యేకంగా చెప్పుకోవడానికి కారణం, ఆ పదవిలో కూర్చున్న తొలి హిందువు ఆయన కావడమే. పల్లెల్లో హిందూ రైతులకు, కూలీలకు నిజాం పోలీసంటే దడ. రజాకార్ల దాడులు పెరిగిన 1947-48 నాటికి ఆ దడకు హద్దు లేకుండా పోయింది. పాలకుల మతానికి చెందిన పోలీసును తక్కిన మతంవాళ్లు ఎంత అనుమానంగా చూస్తారో ఈ నేల మీద ముందు అనుభవించింది హిందువులే. ఇది మరిచిపోతే తర్వాతి కథ సగమే అర్థమవుతుంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి ప్రవేశించింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. జనం నోట అది పోలీసు యాక్షన్. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతి వారాల్లోనూ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించమని నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. ఎంత తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ఆ బృందం అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. నల్లగొండ, మెదక్ పేర్లు కూడా నివేదికలో ఉన్నాయి. కొన్నిచోట్ల సైనికులు, స్థానిక పోలీసులు కూడా దోపిడిలోనూ అంతకు మించిన నేరాల్లోనూ పాలుపంచుకున్నారని నివేదిక రాసింది. దాన్ని దశాబ్దాల తరబడి ప్రజల ముందు పెట్టలేదు. రజాకార్ల నేరాలకు కేసులు నడిచాయి, శిక్షలు పడ్డాయి. ఈ చావుల గురించి మాత్రం ఊరూరా ఇళ్లలో చెప్పుకోవడమే మిగిలింది. ప్రభుత్వమే పంపిన బృందం నిజం రాసినా, ఆ నిజాన్ని ప్రభుత్వమే అల్మారాలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత ఈ నగరంలో ఇదే పదేపదే జరిగింది.

కొత్త పాలనలో నిజాం కాలపు సిపాయిలు, చిన్న ఉద్యోగులు వేల సంఖ్యలో కొలువులు పోగొట్టుకున్నారు. పోలీసు శాఖ మనుషులు మారారు, భాష మారింది. దక్కనీ ఉర్దూ మాట్లాడే గల్లీల్లోకి జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కానిస్టేబుళ్లు బందోబస్తు కోసం దిగడం మామూలైంది. ఠాణాలో తను చెప్పుకున్నది కాగితం మీద ఏ అక్షరాలుగా మారిందో ఫిర్యాదుదారుకే తెలియని పరిస్థితి చాలామందిది.

అయినా 1978 దాకా పోలీసు మీద కోపం ఒక్క పాతబస్తీది అని చెప్పలేం. ఆ ఏడాది మార్చి చివర్లో జరిగిన ఘటన నగరాన్ని మొత్తం వీధుల్లోకి తెచ్చింది. రాత్రి ఆట సినిమా చూసి వస్తున్న రమీజాబీ అనే యువతిని, రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను నల్లకుంట పోలీసులు పట్టుకున్నారు. ఆమె మీద అత్యాచారం జరిగింది. అడ్డం మాట్లాడిన భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. జనం శవాన్ని నల్లకుంట ఠాణా ముందుకు తెచ్చారు. నిరసన కొద్ది గంటల్లోనే ఊరంతా పాకింది. పోలీసులు కాల్పులు జరిపారు, పలువురు చనిపోయారు, కర్ఫ్యూ పెట్టారు. నిరసనకు దిగినవాళ్లలో ముస్లింలు, హిందువులు, కమ్యూనిస్టులు, విద్యార్థులు, పౌరహక్కులవాళ్లు అందరూ ఉన్నారు. నగరంలో మహిళా ఉద్యమం బలపడటానికి కూడా ఈ ఘటన ఒక పెద్ద కారణం. చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పీఠమెక్కి నెల కూడా కాలేదు. హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ వేశారు.

కమిషన్ ముందు పోలీసుల వాదన ఎలా సాగిందో గుర్తు చేసుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె వేశ్య అన్నారు, పెళ్లే చెల్లదన్నారు, సాక్షులను తెచ్చి నిలబెట్టారు. మొగుణ్ని పోగొట్టుకున్న పేద ముస్లిం స్త్రీ శీలాన్ని బోనెక్కించారు. జస్టిస్ ముక్తదర్ అదంతా తోసిపుచ్చి, అత్యాచారమూ హత్యా జరిగాయని, పోలీసులే దోషులని తేల్చారు. అంతటితో న్యాయం జరిగేదే. కానీ కేసు పక్క రాష్ట్రం కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981లో అక్కడ నిందితులైన పోలీసులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. అదే కాలంలో మహారాష్ట్రలో ఠాణాలోనే పోలీసుల అత్యాచారానికి గురైన మథుర అనే ఆదివాసీ యువతి కేసు తీర్పు మీద కూడా దేశమంతా ఆందోళన సాగింది. చివరికి 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగే అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా చూడటం, అలాంటి కేసుల్లో తను సమ్మతించలేదని స్త్రీ చెబితే కోర్టు ఆ మాటనే ముందుగా నమ్మడం అప్పుడు వచ్చినవే. దేశంలో ఆడవాళ్లందరికీ రక్షణనిచ్చే మార్పుకు ఈమె కన్నీళ్లూ కారణమయ్యాయి, ఆమెకు మాత్రం ఏ కోర్టులోనూ న్యాయం దక్కలేదు.

అక్కడినుంచి పన్నెండేళ్లు పాతబస్తీకి కర్ఫ్యూల కాలం. ఊరేగింపులు పెరిగాయి, రాళ్లు పడ్డాయి, కత్తిపోట్లు సాగాయి. 1990 డిసెంబరు అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. వాళ్లలో రెండు మతాలవాళ్లూ ఉన్నారు. అల్లర్లకు ముఖ్యమంత్రి కుర్చీ కోసం కాంగ్రెస్‌లో సాగిన పెనుగులాటే కారణమన్న మాట అప్పుడే బలంగా వినిపించింది. చెన్నారెడ్డి పదవి కూడా పోయింది. సోదాలు, అరెస్టులు, కర్ఫ్యూ సడలింపు వేళలు ఏ గల్లీకి ఎలా ఉండేవో ఆ తరంవాళ్లకు ఇప్పటికీ గుర్తే. రౌడీషీట్లు కూడా ఆ కాలంలో విపరీతంగా పెరిగాయి. రౌడీషీటుకు ఆధారం అసెంబ్లీ చేసిన చట్టం కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు. ఒకసారి పేరు ఎక్కితే పండగకూ ఎన్నికలకూ ఠాణాకు వెళ్లి కనబడాలి. కేసు కొట్టేసినా షీటు వెంటనే పోదు. పాస్‌పోర్టుకు పోలీసు వెరిఫికేషన్ వస్తే అడ్డం పడుతుంది. గల్ఫ్‌కు పోయి నాలుగు రూపాయలు తెచ్చుకోవాలనుకునే కుర్రాడికి ఇది జీవితమంత శిక్ష.

ఇప్పుడున్న తరానికి మాత్రం అసలు గాయం 2007.

ఆ ఏడాది మే 18 శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. కొద్దిసేపటికే బయట పోగైన జనం మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో అయిదుగురు పోయారు. సొంత మసీదులో, నమాజులో ఉండగా బాంబుకు బలైన సమాజమే అదే సాయంత్రానికి పోలీసు తూటాకూ బలైంది. కాల్పులపై జస్టిస్ భాస్కరరావు కమిషన్ వేశారు. ఆగస్టు 25న గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. నగరం వణికిపోయింది. దోషులను పట్టుకోవాలని అన్ని మతాలవాళ్లూ కోరారు.

పోలీసులు చేసిందేమిటంటే, పదుల సంఖ్యలో ముస్లిం యువకులను తీసుకుపోవడం. వైద్య విద్యార్థులు, ఆటో నడిపేవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు ఉన్నారు వాళ్లలో. మఫ్టీలో వచ్చి ఎత్తుకుపోయారని, ఊరి బయట ఫామ్‌హౌసుల్లో రోజుల తరబడి ఉంచారని, కరెంటు షాకులిచ్చారని వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ జైలుకు వెళ్లి వాళ్లను చూశారు. ఒంటి మీద గాయాలను నమోదు చేసి, చిత్రహింసల ఆరోపణలకు ఆధారం ఉందని నివేదిక ఇచ్చారు. తర్వాతి ఏళ్లలో కోర్టులు వాళ్లమీది కుట్ర కేసులు కొట్టేశాయి.

ఈలోగా మక్కా మసీదు దర్యాప్తు సీబీఐ చేతిలో మరో దారి పట్టింది. 2010లో హిందుత్వ సంస్థల్లో పనిచేసిన స్వామి అసీమానంద అరెస్టయ్యాడు, మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మాట మార్చుకున్నాడు. కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం జాతీయ మైనారిటీ కమిషన్ సిఫార్సుతో 2012 జనవరిలో అదివరకు అరెస్టయినవాళ్లలో 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, మరో 50 మందికి 20 వేల చొప్పున పరిహారమిచ్చింది. మంచి నడవడి సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. పోలీసు పొరపాటును ఒక రాష్ట్ర ప్రభుత్వం ఇంత బాహాటంగా ఒప్పుకోవడం ఈ దేశంలో అరుదు. పాతబస్తీలో చాలామందికి అది డబ్బు కాదు, మాట. అయితే నిర్దోషిగా బయటపడినంత మాత్రాన పరిహారం హక్కు కాదంటూ 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) ప్రత్యేక కోర్టు అసీమానందతో సహా అయిదుగురినీ ఆధారాలు లేవని విడుదల చేసింది. తీర్పు చెప్పిన జడ్జి అదే రోజు రాజీనామా ఇచ్చారు. ముందు పట్టుకున్నవాళ్లు దోషులు కారు, తర్వాత పట్టుకున్నవాళ్ల నేరం రుజువు కాలేదు. మసీదులో చనిపోయిన తొమ్మిది మందిని చంపిందెవరో చెప్పే తీర్పు ఈ రోజుకూ లేదు.

తెలంగాణ వచ్చాక 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. వికారుద్దీన్, అతని సహచరులు పోలీసులను చంపిన కేసుల్లో నిందితులు. అంతకు కొద్ది రోజుల ముందే సూర్యాపేట, జానకీపురం ఘటనల్లో వేరే ముఠా చేతుల్లో పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. ఆ సిబ్బంది కుటుంబాల దుఃఖం నిజమైనది, దాన్ని చిన్నది చేసి మాట్లాడకూడదు. కానీ ఆయుధం లాక్కోబోయారని పోలీసులు చెప్పిన ఖైదీలు చేతులకు బేడీలతో సీట్లలోనే వాలిపోయి ఉన్న ఫొటోలు ఆ సాయంత్రమే బయటికొచ్చాయి. నిందితులపై ఏ సానుభూతీ లేనివాళ్లు కూడా ఆ ఫొటోలు చూసి ప్రశ్నలు వేశారు. కోర్టులో తేలవలసినది దారిలోనే ముగిసిపోయింది.

బల్లకు అవతలివైపు ఏముందో కూడా చూడాలి. ముస్లింల స్థితిగతులపై కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లోనే పోలీసుల్లో ముస్లింల సంఖ్య తక్కువని, ఎక్కడ ఏం జరిగినా తమ పిల్లలనే ఎత్తుకుపోతారన్న భయం దేశమంతా ముస్లింలలో ఉందని రాసింది. 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్-లోక్‌నీతి సంస్థలు 21 రాష్ట్రాల్లో సుమారు 12 వేల మంది పోలీసు సిబ్బందిని అడిగితే, ముస్లింలు సహజంగానే నేరాలవైపు మొగ్గుతారని సగం మంది ఎంతో కొంత నమ్ముతున్నట్టు తేలింది. రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు డ్యూటీ చేసే కానిస్టేబుల్ ఈ అభిప్రాయంతో చీకటి గల్లీలోకి దిగితే, ఎదురుపడిన పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని ఎలా చూస్తాడో ఊహించడం కష్టం కాదు.

కొత్త రాష్ట్రంలో మారినవీ ఉన్నాయి. ఆడవాళ్లపై వేధింపులను అరికట్టడానికి 2014 అక్టోబరులో మొదలైన పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు బురఖా వేసుకున్న ఆడపిల్లలు కూడా ఫోను చేసి ఫిర్యాదులిస్తున్నారు. ఈ ఒక్క విషయంలో మధ్యవర్తి అవసరం తగ్గింది. పోలీసులే పాతబస్తీలో ఉద్యోగ మేళాలు పెట్టారు, రిక్రూట్‌మెంట్‌కు శిక్షణ ఇచ్చారు. బోనాలు, గణేశ్ నిమజ్జనం, మొహర్రం బీబీ కా ఆలం ఊరేగింపు కొన్నేళ్లుగా పెద్ద గొడవ లేకుండా సాగుతున్నాయి. ఈ మేలును కాదనలేం.

అదే పోలీసులు రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకొచ్చి, తల్లిదండ్రులను పిలిపించి మందలించే ‘చబుత్రా’ మిషన్ నడిపారు. బస్తీ చుట్టూ వందలమంది పోలీసులు చేరి ఇంటింటా కాగితాలు అడిగే కార్డన్ సెర్చ్‌లు చేశారు. ఏ నేరం అనుమానంతో ఈ తనిఖీ అని అడిగితే ఏ ఒక్కరి గురించీ జవాబు లేదు. బస్తీలో ఉండటమే అనుమానానికి సరిపోయింది. ఇప్పుడు ఆ పని కెమెరాకూ చేరింది. 2021లో పాతబస్తీ బజారులో ఒక సామాజిక కార్యకర్తను ఆపి, కరోనా మాస్కు తీయమన్నారు, తీయకపోయినా పోలీసులు ఫోనులో ఆయన ఫొటో తీసుకున్నారు. తన ముఖాన్ని ఏ చట్టం కింద తీసుకున్నారో చెప్పమంటూ ఆయన హైకోర్టుకెక్కారు. ముఖ గుర్తింపు పరిజ్ఞానాన్ని పోలీసులు వాడటంపై దేశంలో దాఖలైన తొలి పిటిషన్లలో అదొకటి.

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో 2023లో మెదక్ చెప్పింది. గొలుసు దొంగతనం కేసులో సీసీ కెమెరాలో కనబడిన మనిషి పోలికలు ఉన్నాయని జనవరి చివర్లో ఒక ముస్లిం దినకూలీని తీసుకుపోయారు. అతను కాదని తేలాక వదిలేశారు. తనను కొట్టారని ఆసుపత్రి మంచం మీది నుంచి వీడియోలో చెప్పి, ఫిబ్రవరి 16న గాంధీ ఆసుపత్రిలో అతను చనిపోయాడు. సిబ్బందిపై సస్పెన్షన్ వేటు పడింది. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. పోలీసు స్టేషన్లన్నిటిలోనూ కెమెరాలు ఉండాలని, రికార్డింగు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులోనే ఆదేశించింది. పోలీసులపై ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో స్వతంత్ర సంస్థలు పెట్టమని పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006లోనే చెప్పింది. వీధిలో నడిచే కూలీ ముఖాన్ని వెతకడానికి కెమెరాలున్నాయి. అవి ముందుగా పనిచేయాల్సింది లాకప్ గదిలో. ఆ రికార్డింగు అడిగే హక్కు చనిపోయినవాడి భార్యకు ఉండాలి. మధ్యలో కార్పొరేటర్ ఫోను అవసరం లేకుండా.