ఫోన్లకు పెట్టిన పేర్లతో ఊరి పటం

సికింద్రాబాద్ స్టేషన్లోనో, విజయవాడ బస్టాండులోనో నిలబడి ఫోన్లో వైఫై జాబితా తెరవండి. వరసగా కనిపించే పేర్లలో చాలావరకు తోటి ప్రయాణికుల హాట్‌స్పాట్లే. కొన్నింటికి కంపెనీ పెట్టిన మోడల్ పేరే ఉంటుంది. కొన్నింటికి యజమాని పేరు, ఇంటిపేరుతో సహా. మధ్యలో ఓ హీరో, ఓ దేవుడు, ‘పాస్‌వర్డ్ అడగొద్దు’ అన్న హెచ్చరిక. ఫోన్ పంపే రేడియో సంకేతాల్లో దాదాపు అంతా యంత్రం రాసుకునేదే. మనిషి తన చేత్తో టైపు చేసింది మాత్రం ఈ పేరొక్కటే. ఒక ఊరు తనను తాను ఏమని పిలుచుకుంటుందో చూడాలంటే ఇంత తేలిగ్గా దొరికే ఆధారం ఇంకోటి లేదు.

ఈ పేర్లు ఎక్కడెక్కడ కనిపిస్తున్నాయో రాసుకుంటూ పోతే ఊరికి ఒక పటమే గీయొచ్చు. ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఇలాంటి పని చాలా ముందే మొదలైంది. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు ‘సిటీవేర్’ అనే ప్రాజెక్టులో వీధుల్లో బ్లూటూత్ స్కానర్లు పెట్టి, దారిన పోయే ఫోన్లను లెక్కపెట్టారు. అదే ఊళ్లో జనం తమ ఫోన్లకు పెట్టుకునే బ్లూటూత్ పేర్ల మీద టిమ్ కిండ్‌బర్గ్, టిమొతీ జోన్స్ 2007లో ఒక పరిశోధనా పత్రం వెలువరించారు. యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఇచ్చిన ఖాళీని జనం తోటి మనుషులకు ఏదో చెప్పడానికి వాడుకున్నారు.

పేరు మన తెర మీదికి ఎలా వస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. హాట్‌స్పాట్‌ను ఎవరూ అడగనక్కర్లేదు. అది సుమారు 102 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకు దాదాపు పదిసార్లు, తన పేరు తానే ప్రకటించుకుంటుంది. బ్లూటూత్ పద్ధతి వేరు. వెతికే ఫోన్ 32 ఫ్రీక్వెన్సీల మీద గబగబా మారుతూ ‘ఎవరైనా ఉన్నారా’ అని అడుగుతూ పోతుంది. పలకాల్సిన ఫోన్ ఎప్పుడూ వింటూ కూర్చోదు. బ్యాటరీ మిగలాలి కాబట్టి సెకనుకో, రెండు సెకన్లకో ఒకసారి, అదీ ఓ పదకొండు మిల్లీసెకన్లపాటు చెవి తెరుస్తుంది. ఈ ఇద్దరికీ కుదిరేసరికి టైము పడుతుంది, అందుకే పూర్తి వెతుకులాటకు 10.24 సెకన్లు కేటాయించారు. పాత ఫోన్లలో మొదట వచ్చేది చిరునామా, అంటే పరికరాన్ని గుర్తుపట్టడానికి దానికిచ్చిన సంఖ్య, మాత్రమే. పేరు కావాలంటే మళ్లీ విడిగా అడగాలి. జాబితాలో ముందు అంకెలూ అక్షరాలూ కలిసిన చిరునామా కనిపించి, ఆ తర్వాత అది పేరుగా మారడం మనం చూసింది ఇందువల్లే.

పటం గీయాలంటే ప్రతి పేరు పక్కనా జీపీఎస్ చెప్పిన చోటు, సమయం, సిగ్నల్ బలం రాసుకోవాలి. 2001లో మొదలైన ‘విగిల్’ అనే ప్రాజెక్టు ఔత్సాహికులు పంపే ఇలాంటి సమాచారంతోనే ప్రపంచ వైర్‌లెస్ పటం తయారుచేస్తోంది. అయితే సిగ్నల్ బలాన్ని చూసి దూరం కచ్చితంగా చెప్పలేం. మన ఒంట్లోని నీరు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలను బాగా పీల్చేస్తుంది. ఫోన్ వెనక జేబులో ఉంటే పక్కనున్న మనిషి కూడా దూరంగా ఉన్నట్టే కనిపిస్తాడు. ఇంకా పెద్ద తేడా ఒకటుంది. ఇంట్లో రౌటర్ కదలదు, పటంలో చుక్కగా ఉండిపోతుంది. ఫోన్ మనిషితో తిరుగుతుంది. ఒకే పేరు రాత్రి ఒక వీధిలో, పగలు ఒక ఆఫీసు దగ్గర, ఆదివారం ఒక ఆస్పత్రి దగ్గర కనబడితే ఆ మూడు చుక్కలూ కలిసి ఒకరి బతుకైపోతాయి.

మన భాషకు సంబంధించిన ఇబ్బంది ఇంకొకటి. హాట్‌స్పాట్ పేరుకు 32 బైట్లే (కంప్యూటర్ చోటును కొలిచే చిన్న కొలత) చోటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘మా అమ్మ ఫోన్’ అని రాసి చూడండి: పది గుర్తులు, రెండు ఖాళీలు, మొత్తం 32. చోటు సరిగ్గా అయిపోయింది, ఇంక సున్నా కూడా పట్టదు. అదే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 14 బైట్లు. బ్లూటూత్ పేరుకు 248 బైట్లిచ్చారు కాబట్టి అక్కడ కాస్త నయం. తెలుగువాళ్ల పేర్ల పటం గీసేవాళ్లు తెలుగు లిపిని మాత్రమే వెతికితే తెలుగు చాలావరకు తప్పిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో దాక్కున్న తెలుగును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పేరుకు ఉండే బలం ఒక్కోసారి విమానాన్ని కూడా ఆపుతుంది. 2016లో మెల్‌బోర్న్ నుంచి పెర్త్ వెళ్లాల్సిన క్వాంటాస్ విమానంలో బాంబు పేల్చే పరికరం అన్న అర్థమొచ్చే వైఫై పేరు కనిపించింది. కొందరు ప్రయాణికులు టెన్షన్ తట్టుకోలేక దిగిపోయారు, విమానం ఆలస్యంగా బయల్దేరింది.

2013లో లండన్‌లో చెత్తబుట్టలకు అమర్చిన పరికరాలు దారినపోయే ఫోన్ల చిరునామాలను నమోదు చేస్తున్నాయని బయటపడితే, అక్కడి పాలకసంస్థ ఆ పని ఆపమంది. తర్వాతి ఏడాది ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8, 2019లో ఆండ్రాయిడ్ 10 వైఫై చిరునామాలను మార్చి మార్చి చూపే పద్ధతి తెచ్చాయి. కొత్తరకం బ్లూటూత్‌లో సుమారు పావుగంటకోసారి చిరునామా మారిపోవచ్చు. ఇంత చేశాక కూడా, మనం పెట్టిన పేరు మారకుండా అలాగే ఉంటుంది. చిరునామాను దాచి పేరును బయటపెట్టడం వల్ల దాచిన ప్రయోజనం పోతుంది. 2022లో వచ్చిన ఐఓఎస్ 16లో, ప్రత్యేక అనుమతి లేని యాప్‌లకు మనం ఫోన్‌కు పెట్టిన పేరు అందకుండా చేయడం ఈ కారణం చేతనే సరైన నిర్ణయం అంటాను.

అలాగని పటమే వద్దనను. చిరునామాలను స్కాన్ అయిన వెంటనే చెరిపేయాలి. పేర్లను కంపెనీవి, దేవుళ్లవి, హీరోలవి, చుట్టరికాలవి అని విడదీసి, పేటవారీగా సంఖ్యలు మాత్రమే ఉంచుకోవాలి. లిపి ఏదో, భాష ఏదో రాసుకోవాలి. ఈ పద్ధతిలో కోఠికీ గచ్చిబౌలికీ మధ్య తేడా తెలుస్తుంది, ఎవరి ఇల్లూ తెలియదు.

పటంలోకి రావద్దనుకునేవాళ్లకు 2011లో గూగుల్ ఒక దారి చూపింది: వైఫై పేరు చివర ‘_నోమ్యాప్’ అన్న తోకను ఇంగ్లీషు అక్షరాల్లో తగిలిస్తే, ఆ నెట్‌వర్క్‌ను తన లొకేషన్ సేవల్లోంచి తీసేస్తుంది. ఆ తోకకు ఆరు బైట్లు. మిగిలే 26 బైట్లలో తెలుగు గుర్తులు ఎనిమిదే పడతాయి.