ముందుగా దొరికినా మరణాలు తగ్గలేదు: కాలేయ క్యాన్సర్ రక్తపరీక్షల వివాదం వెనుక చీదోంగ్

కాలేయ క్యాన్సర్‌ను రక్తపరీక్షతోనే తొలిదశలో పట్టుకోవచ్చన్న వాదన మళ్లీ ఊపందుకుంది. సిర్రోసిస్ (కాలేయం మచ్చలతో గట్టిపడే జబ్బు) ఉన్నవారికి ఆరు నెలలకోసారి చేసే అల్ట్రాసౌండ్‌ను పక్కనపెట్టి రక్తంలోని సూచికలను నమ్ముకోవచ్చని ఒక వర్గం అంటోంది. ప్రాణాలు నిలుస్తున్నాయని తేలేదాకా తొందరపడవద్దని మరో వర్గం అంటోంది. ఈ సూచికల్లో మొదటిదైన ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే రక్తంలోని ప్రోటీన్‌ను 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు అబెలెవ్, తతారినోవ్ ఈ క్యాన్సర్‌తో ముడిపెట్టిన సంగతి చాలామందికి తెలిసిందే. నేటి తగాదాకు అసలు మూలం మాత్రం చైనాలోని చీదోంగ్‌లో ఉంది.

యాంగ్సీ నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ ప్రాంతంలో కాలేయ క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ 1989లో మొదలైన అధ్యయనంలో హెపటైటిస్-బి వైరస్ ఉన్న 5,581 మంది పురుషులను చేర్చుకున్నారు. మూడింట రెండు వంతుల మందికి ఆరు నెలలకోసారి ఆల్ఫా ఫీటోప్రోటీన్ పరీక్ష చేశారు, మిగతావారికి చేయలేదు. ఫలితాలు 2003లో వెలువడ్డాయి. పరీక్షలు చేసిన వర్గంలో బయటపడిన క్యాన్సర్లలో 29.6 శాతం మొదటి దశవి. రెండో వర్గంలో అవి 6 శాతమే. క్యాన్సర్ బయటపడిన ఏడాది తర్వాత బతికి ఉన్న రోగులు మొదటి వర్గంలో 23.7 శాతం, రెండో దానిలో 9.7 శాతం. ఇక్కడితో ఆపితే ఘనవిజయమే. అయిదేళ్లకు చూస్తే రెండు వర్గాల్లోనూ మిగిలింది దాదాపు 4 శాతం. కాలేయ క్యాన్సర్ మరణాల రేటు లక్షకు పరీక్షలు చేసిన వర్గంలో 1,138, రెండో వర్గంలో 1,114. జబ్బు బయటపడిన తేదీ ముందుకు జరిగింది, చనిపోయే తేదీ కదలలేదు. దొరికినవారికి ఇచ్చిన చికిత్స ఫలించకపోవడమే కారణమని పరిశోధకులే చెప్పారు.

రక్తపరీక్షల పక్షం వారు షాంఘై అధ్యయనాన్ని చూపుతారు. 18,816 మందిపై జరిగిన ఆ ప్రయత్నంలో మరణాలు 37 శాతం తగ్గాయి. అయితే అక్కడ రక్తపరీక్షతో పాటు అల్ట్రాసౌండ్ కూడా చేశారు. ఆ మేలులో రక్తపరీక్ష వాటా ఎంతో విడదీయడం కుదరదు.

2010లో అమెరికా కాలేయ నిపుణుల సంఘం ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ను నిఘా (ముప్పు ఉన్నవారికి క్రమం తప్పక చేసే పరీక్షలు) నుంచి తప్పించింది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములను హద్దుగా పెట్టుకుంటే పది క్యాన్సర్లలో నాలుగు తప్పిపోతాయి, పైగా హెపటైటిస్ ముదిరినా అది పెరుగుతుంది. వైరస్‌ను అణచే మందులు వచ్చాక ఈ తప్పుడు హెచ్చరికలు తగ్గాయి. 2018లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, సిర్రోసిస్ రోగుల్లో తొలిదశ క్యాన్సర్లను అల్ట్రాసౌండ్ ఒక్కటే 45 శాతం పట్టగా, ఆల్ఫా ఫీటోప్రోటీన్ తోడైతే 63 శాతం దొరికాయి. ఆ ఏడాదే ఆ సంఘం సూచనల్లోకి ఆల్ఫా ఫీటోప్రోటీన్ ఐచ్ఛికంగా, 2023లో పూర్తి సిఫారసుగా తిరిగొచ్చింది. వచ్చింది అల్ట్రాసౌండ్‌కు తోడుగానే. ఈ మాట ప్రచారంలో తరచూ జారిపోతోంది.

ఇప్పుడు ముందుకొచ్చినవి మూడు సూచికలకు వయసు, లింగం జోడించి లెక్కగట్టే గలాడ్ స్కోరు, కణితి నుంచి రక్తంలోకి చేరే డీఎన్ఏపై మిథైల్ గుర్తులను (దానికి అంటుకునే చిన్న రసాయన ముద్రలను) వెతికే పరీక్షలు. వీటి గురించి వినిపించే గొప్ప శాతాల్లో చాలావరకు అప్పటికే క్యాన్సర్ అని తేలినవారి రక్తాన్ని, లేనివారి రక్తాన్ని పోల్చి తీసినవి. కంటికి కనిపించని చిన్న కణితి విషయంలో ఆ బలం తగ్గుతుంది. గలాడ్‌ను అల్ట్రాసౌండ్‌తో నేరుగా పోల్చే ట్రేసర్ అధ్యయనం అమెరికాలో మొదలైంది. దాని ప్రధాన కొలమానం ముదిరిన దశలో దొరికే క్యాన్సర్లు తగ్గాయా అన్నదే. మరణాల లెక్క అడిగేవారికి అందులోనూ సూటి జవాబు దొరకదు.