మోడల్ కిట్ స్కేల్ తేల్చడం ఎలా? అపోహలు - వాస్తవాలు

ప్లాస్టిక్ భాగాలు అతికించి విమానమో, ట్యాంకో, ఓడో చేసుకునే పాత మోడల్ కిట్ చేతికొచ్చింది, పెట్టె మీద స్కేల్ (అసలు వస్తువులో మోడల్ ఎన్నో వంతు అన్నది) లేదు. లేదా ఉంది గానీ, అదే స్కేల్‌లోని ఇంకో విమానం పక్కన పెడితే పొంతన కుదరడం లేదు. అలాంటప్పుడు మనమే కొలిచి తేల్చుకోవాలి. సూత్రం ఒక్కటే: అసలు వస్తువు కొలతను మిల్లీమీటర్లలోకి మార్చి, మోడల్ మీద అదే కొలతతో భాగించడం. మిగ్-21కి రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 7.154 మీటర్లు. మోడల్‌లో అది 149 మి.మీ. ఉంటే 7154 ÷ 149 = 48. అంటే 1/48. భాగహారం ఎవరైనా చేస్తారు. పొరపాట్లన్నీ ఎక్కడ కొలవాలి, ఏ అంకెతో పోల్చాలి అన్న దగ్గరే వస్తాయి.

అపోహ: పెట్టె మీద ఉన్న స్కేల్‌ను కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

వాస్తవం: మంచి కంపెనీల కొత్త కిట్లలో చాలావరకు నమ్మొచ్చు. పాతవాటి సంగతి వేరు. 1950లలో అమెరికన్ కంపెనీలు చాలా కిట్లకు ముందు పెట్టె సైజు ఖాయం చేసి, అందులో పట్టేలా మోడల్ గీయించేవి. దీన్నే బాక్స్ స్కేల్ అంటారు. రెవెల్ 1953లో తెచ్చిన మిస్సోరి యుద్ధనౌక 1/535లో ఉండటానికి కారణం ఇదే. ట్యాంకులకు ఇవాళ ప్రమాణంగా మారిన 1/35 కూడా ముందుగా లెక్కేసి పెట్టుకున్నది కాదు. టమియా తన పాంథర్ ట్యాంకును లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజులో చేసింది. తర్వాత లెక్క చూస్తే దాదాపు 1/35 తేలింది. పిల్లల దగ్గరుండే హాట్ వీల్స్ కార్లను 1/64 అంటాం గానీ, బస్సూ రేసు కారూ ఇంచుమించు ఒకే పొడవుంటాయి. రెండూ 1/64 అయ్యే అవకాశమే లేదు.

అపోహ: మొత్తం పొడవు కొలిస్తే స్కేల్ తేలిపోతుంది.

వాస్తవం: ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. పుస్తకంలో ఇచ్చిన పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికో తెలియకపోతే ఆ అంకె పనికిరాదు. మిగ్-21 ముక్కు దగ్గర ముందుకు పొడుచుకొచ్చే పిటో గొట్టం (గాలి వేగం కొలిచేది) ఉంటుంది. ఒక పుస్తకం దాన్ని కలిపి పొడవు చెబుతుంది, ఇంకోటి వదిలేస్తుంది. అందుకే ఈ విమానానికి రెక్కల కొలతే నమ్మదగ్గది.

ట్యాంకుల్లో ఇదే చిక్కు ఫిరంగి గొట్టంతో వస్తుంది. టైగర్-1కి గొట్టం ముందుకు తిప్పి ఉన్నప్పుడు 8.45 మీటర్లు, ఒట్టి హల్ (గొట్టం కలపని ట్యాంకు ఒళ్లు) 6.316 మీటర్లు. 1/35 మోడల్‌ను గొట్టం కొస నుంచి కొలిస్తే 241 మి.మీ. వస్తుంది. దాన్ని హల్ పొడవుతో పోల్చారంటే జవాబు 1/26! వెడల్పుతో సరిచూద్దామన్నా జాగ్రత్త అవసరం. ఈ ట్యాంకుకు యుద్ధానికి వెడల్పు ట్రాకులు, రైల్లో తరలించడానికి సన్నవి ఉండేవి. కిట్‌లో ఏవి ఉన్నాయో చూసుకోవాలి.

ఓడలకు మొత్తం పొడవు వేరు, నీటి మట్టం దగ్గర పొడవు వేరు. జపాన్ యుద్ధనౌక యమాటో మొత్తం పొడవు 263 మీటర్లు, నీటి మట్టం దగ్గర 256. 1/700 వాటర్‌లైన్ కిట్ (నీటి మట్టం పైభాగం మాత్రమే ఉండేది) అడుగు భాగాన్ని కొలిచి 263తో పోలిస్తే స్కేల్ 1/719 అని వస్తుంది, కిట్ తప్పని నింద పడుతుంది. డెక్ కొసలు కొలవండి. జలాంతర్గామికి ఈ బెడద తక్కువ. విశాఖ ఆర్కే బీచ్‌లోని ఐఎన్ఎస్ కుర్సురా పొడవు 91.3 మీటర్లు, అంటే 1/350లో దాదాపు 261 మి.మీ.

అపోహ: చక్రమో, పైలట్ బొమ్మో కొలిచినా చాలు.

వాస్తవం: చిన్న భాగంలో చిన్న తప్పే పెద్దదవుతుంది. 800 మి.మీ. చక్రం 1/72లో 11.1 మి.మీ., 1/76లో 10.5. తేడా అర మిల్లీమీటరు పైచిలుకు. స్కూలు స్కేలుతో దాన్ని పట్టుకోలేం. అదే మిగ్-21 రెక్కలైతే 99.4, 94.1 మి.మీ. అయిదు మిల్లీమీటర్ల తేడా కంటికే కనిపిస్తుంది. 1/72కీ 1/76కీ మధ్య అంతరం అయిదున్నర శాతమే. కాబట్టి కొలతలో తప్పు రెండు శాతం దాటకూడదు.

మనిషి బొమ్మ ఇంకా నమ్మలేనిది. 175 సెం.మీ. మనిషి 1/35లో 50 మి.మీ. ఉండాలి, కానీ బొమ్మ వంగి ఉంటుంది, హెల్మెట్ ఉంటుంది, కింద దిమ్మె ఉంటుంది. వార్‌గేమ్ (బల్ల మీద ఆడే యుద్ధం ఆట) బొమ్మల మీది 28 మి.మీ. అసలు స్కేలే కాదు. కొందరు కంటి దాకా కొలుస్తారు, కొందరు తల పైదాకా.

కిట్ ఇంకా స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీదే ఉంటే రెక్కలు, ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒళ్లు) సగాలు మాత్రం కత్తిరించి, జిగురు పెట్టకుండా మాస్కింగ్ టేపుతో నిలబెట్టండి. కొసలకు మూలమట్టాలు ఆనించి, వాటి మధ్య దూరం స్టీలు స్కేలుతో తీసుకోండి. తర్వాత రెక్కల వెంట ఒకటి, పొడవునా ఒకటి కొలిచి, రెండింటికీ విడివిడిగా స్కేల్ లెక్కించండి. రెండూ ఒకే అంకె దగ్గరకొస్తే అదే స్కేల్. రెక్కలు 1/72 అని, పొడవు 1/69 అని చెబితే కిట్ ఆకారంలోనే తేడా ఉంది, లేదా పుస్తకంలో అంకె ఆ విమానంలోనే వేరే రకానిది.

అపోహ: 36 అడుగుల 10 అంగుళాలు అంటే 36.10 అడుగులు.

వాస్తవం: బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ తొలి రకాల రెక్కల కొలత ఇది. 10 అంగుళాలు అంటే 0.83 అడుగు. సరిగా మారిస్తే 11.23 మీటర్లు, తప్పుగా మారిస్తే 11.00. క్యాలిక్యులేటర్ చేతిలో ఉండగానే రెండు శాతం పోయింది.

అపోహ: 1/144 మోడల్ 1/72లో సగం.

వాస్తవం: పొడవులో సగం. ఉపరితలంలో నాలుగో వంతు, ఘనపరిమాణంలో ఎనిమిదో వంతు.

అపోహ: ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ముడుచుకోవడం వల్లే స్కేల్ తప్పుతుంది.

వాస్తవం: పాలీస్టైరీన్ ముడుచుకునేది ఒక శాతం లోపే. దానికి తగ్గట్టు అచ్చునే కాస్త పెద్దగా కోస్తారు. అయిదు శాతం తేడాకు కారణం గీసిన ప్లానే.

అపోహ: పట్టాల మధ్య దూరం కొలిస్తే రైలు మోడల్ స్కేల్ తెలిసిపోతుంది.

వాస్తవం: బ్రిటన్ డబుల్ ఓ (1/76), ఇతర దేశాల హెచ్‌ఓ (1/87) రెండూ 16.5 మి.మీ. ట్రాక్ మీదే నడుస్తాయి. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. హెచ్‌ఓలో అది 19.3 ఉండాలి, కానీ భారతీయ ఇంజన్ల హెచ్‌ఓ మోడళ్లను కూడా మామూలుగా 16.5 మీదే నడుపుతారు. 1676ను 16.5తో భాగిస్తే 1/102 అనే లేని స్కేల్ పుడుతుంది. ఇంజన్ బాడీ పొడవు కొలవండి, బఫర్లు (కొసల్లో పొడుచుకొచ్చే దెబ్బ ఆపే దిమ్మెలు) కలిపారో లేదో చూసుకోండి.

అపోహ: స్కేల్ డ్రాయింగ్ ప్రింట్ తీసి దాని మీద భాగాలు పెడితే చాలు.

వాస్తవం: ప్రింటర్‌లో "పేజీకి సరిపెట్టు" ఆన్‌లో ఉంటే బొమ్మ కుంచించుకుపోతుంది. 100 మి.మీ. గీత 96కు తగ్గితే 1/72 డ్రాయింగ్ 1/75 అయిపోయినట్టే. అసలు సైజు, 100 శాతం ఎంచుకుని ప్రింట్ తీయండి. షీటు మీదున్న కొలగీతను అడ్డంగానూ నిలువుగానూ స్టీలు స్కేలుతో చూడండి, కొన్ని ప్రింటర్లు ఒకవైపే సాగదీస్తాయి. కొలగీత లేని ప్లాన్ దొరికితే, ప్రింట్ తీయకముందే తెలిసిన దూరానికి మీరే ఒక గీత గీసి పెట్టుకోండి.