జీపులో టిక్కుమన్నది ఎవరు?

పిల్లలూ,

మీ ఉత్తరం చేరింది. మీ చిన్నాయన థార్ జీపుకు ముందు బంపరు మీద కొత్త ఎల్‌ఈడీ లైట్ల పట్టీ బిగించాడని, చీకట్లో పొలం బాట పగటిలా కనిపిస్తోందని రాశారు. సంతోషం. ఈసారి వానలకు ఆ నల్లరేగడి బాట ఎంత పాడైందో నాకు తెలుసు. నాలుగు చక్రాలూ లాగే బండి, ముందు నేల సరిగ్గా చూపించే లైటు రెండూ లేకపోతే అక్కడ రాత్రిపూట ట్రాక్టరే దిగబడుతుంది.

అన్నిటికన్నా మీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. "స్విచ్చి డాష్‌బోర్డు మీద ఉంది, లైటు బంపరు మీద ఉంది. స్విచ్చి నొక్కితే ఈ రెండు చోట్లా కాకుండా బానెట్ కింద టిక్కుమంటుంది. అక్కడ టిక్కుమన్నది ఎవరు తాతా?" అని చిన్నది అడిగింది. "స్విచ్చికి పోయే వైరు సన్నగా ఉంది, లైటుకు పోయేది లావుగా ఉంది, ఒకే లైటుకు రెండు రకాలెందుకు?" అని పెద్దోడు అడిగాడు. రెండింటికీ ఒకటే జవాబు.

ముందు మన ఊరి చెరువును తలుచుకోండి. కట్ట, కట్ట కింద తూము, తూము నుంచి కాలువ, కాలువ చివర మడులు. జీపులో బ్యాటరీయే చెరువు. వైరు కాలువ. లైటు మడి. ఇది పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఇప్పుడు మడికి ఎంత నీరు కావాలో లెక్క చూద్దాం. లైటు వచ్చిన డబ్బా మీద 120 వాట్లు అని ఉందని రాశారు. బ్యాటరీ 12 వోల్టులది. 120ని 12తో భాగించండి, 10 వస్తుంది. ఆ లైటు వెలిగినంతసేపూ వైరులో 10 ఆంపియర్ల కరెంటు పారుతుంది. మీ ఇంట్లో 9 వాట్ల బల్బు తీసుకునేది అందులో వందో వంతు కూడా ఉండదు. అందుకే లైటు వైరు లావుగా ఉంది. అది 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయి ఉంటుంది. పిల్లకాలువలో పెద్దకాలువ నీళ్లు వదిలితే ఒడ్లు తెగుతాయి. సన్న వైరులో అంత కరెంటు వదిలితే వైరు కాగుతుంది, పైన ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుతుంది.

మొదట బిగించిన షాపువాళ్లు ఆ 10 ఆంపియర్లనూ నేరుగా డాష్‌బోర్డు స్విచ్చిలోంచే తిప్పారట కదా. నాలుగు రోజులకే స్విచ్చి కాలిన వాసన వచ్చిందని మీ చిన్నాయన ఫోన్లో చెప్పాడు. రాదా మరి! చెరువు నీళ్లన్నీ ఇంటి గడప దాకా తెచ్చి, అక్కడ చేత్తో తలుపు తీసి మళ్లీ పొలానికి పంపినట్టు అది. నీళ్లను ఇంటికి తేవాల్సిన పని లేదు. ఇంటి నుంచి కబురు పోతే చాలు.

ఈ కబురు సంగతి చెప్పాలంటే నా చిన్నతనంలోకి పోవాలి. చెరువు కింద వరికి అప్పుడు నీళ్ల వంతులుండేవి. మా వంతు ఎక్కువగా రాత్రిపూటే పడేది. మా బాపు నన్ను లేపి వెంట తీసుకుపోయేవాడు. మా మడులు ఆయకట్టు చివరన, తూము కట్ట దగ్గర. మధ్యలో ఎంత దూరమంటే, కేక వేస్తే సగం దారిలోనే గాలికి పోయేది. తూము దగ్గర నీరటి ఉండేవాడు. చద్దరు కప్పుకొని కట్ట మీదే పడుకునేవాడు కానీ, ఆయన నిద్రపోగా నేను చూడలేదు. బాపు గట్టు మీద నిలబడి కందిలి దీపం పైకెత్తి ఊపేవాడు. అక్కడ నీరటి లేచి తూము తలుపు ఎత్తేవాడు. మేము కాలువ పక్కన కూర్చొని ఎదురుచూసేవాళ్లం. ముందుగా ఎండుటాకులు, గడ్డిపరకలు చప్పుడు చేసుకుంటూ కొట్టుకొచ్చేవి. వాటి వెనక నురగతో నీళ్లు. ఆ నీళ్లలో కాళ్లు పెట్టి నిలబడితే నిద్ర ఎటో పోయేది. కందిలి ఊపడానికి ఎంత బలం కావాలి? నాలాంటి పిల్లోడు కూడా ఊపగలడు. ఆ ఊపుకు కదిలిన నీళ్లు ఎన్ని ఎకరాలు తడిపేవో!

మీ జీపులో టిక్కుమన్నది ఆ నీరటే. ఆయన పేరు రిలే. బానెట్ కింద బ్యాటరీ పక్కన అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల డబ్బా ఉంటుంది చూడండి. దాని లోపల ఇనుప ముక్క చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వందల చుట్లు చుట్టి ఉంటుంది. స్విచ్చి నొక్కితే సన్న వైరు గుండా ఆ తీగచుట్టలోకి కొద్దిపాటి కరెంటు పోతుంది. ఆంపియర్‌లో ఐదో వంతో, ఆరో వంతో, అంతే. ఆ కాస్తకే లోపలి ఇనుము అయస్కాంతమై పైనున్న రేకును కిందికి లాగుతుంది. రేకు కొసన ఒక చిన్న లోహపు చుక్క, దాని ఎదురుగా ఇంకో చుక్క. రెండూ కొట్టుకున్నప్పుడు వచ్చేదే మీరు విన్న టిక్కు. చుక్కలు కలిశాయంటే తూము తెరుచుకుందన్నమాట. బ్యాటరీ నుంచి 10 ఆంపియర్లు లావు వైరులో లైటుకు పారతాయి. స్విచ్చి తీసేస్తే అయస్కాంతం పోతుంది, చిన్న స్ప్రింగు రేకును వెనక్కి లాగేస్తుంది.

రిలే కిందివైపు పిన్నుల పక్కన 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు, 87 నుంచి లైటుకు పోయే లావు వైరు. 86కు స్విచ్చి నుంచి వచ్చే సన్న వైరు, 85 జీపు బాడీకి. ఏ ఊళ్లో ఏ ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడిగినా ఈ నాలుగు అంకెలూ నిద్రలో కూడా చెబుతాడు. చిన్న కరెంటుతో దూరాన ఉన్న పెద్ద కరెంటుకు దారి తెరిచి మూయడం 1835 ప్రాంతంలోనే అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే ప్రొఫెసరు తన విద్యార్థులకు చేసి చూపించాడు. తర్వాత టెలిగ్రాఫు తీగలు ఊళ్లు దాటి పోయింది దీని సాయంతోనే. ఇప్పుడది మీ చిన్నాయన జీపులో కూర్చుంది.

ఇక కాలువకు గండి పడితే సంగతి. గండి పడ్డప్పుడు మన మడి దగ్గర అడ్డం వేస్తే ఏం లాభం? నీళ్లు మధ్యలోనే పక్కవాడి చేనులోకి పోతుంటాయి. తూము దగ్గర మూయాలి. జీపులో ఆ పని ఫ్యూజుది. అందుకే ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. లైటు దగ్గర పెట్టారనుకోండి. జీపు గతుకుల్లో ఊగుతుంటే వైరు బంపరు అంచుకు రాసుకొని తొడుగు అరిగిపోయి, రాగి ఇనుముకు తగులుతుంది. బ్యాటరీ మొత్తం, వందల ఆంపియర్లు, అక్కడే కుమ్మరించుకుంటుంది. వైరు ఎర్రబడుతుంది, మంట లేస్తుంది. అవతల లైటు దగ్గరున్న ఫ్యూజుకు కబురే అందదు. బండ్లు తగలబడ్డ వార్తలు పేపర్లో చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

మీ లైటుకు 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది నీలం రంగులో ఉంటుంది. ఎరుపు 10, పసుపు 20, ఆకుపచ్చ 30. నీలం కాలిపోయిందని దాని చోట ఆకుపచ్చది పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. రాగి తీగ ముక్క చుట్టి నడిపించేవాళ్లనూ చూశాను. ఫ్యూజు కాలిందంటే ఎక్కడో గండి ఉందని. ముందు దాన్ని వెతకండి, తర్వాతే కొత్త ఫ్యూజు. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకండి.

"నీళ్లు మడిలో ఇంకిపోతాయి కదా, మరి కరెంటు లైటు నుంచి ఎటు పోతుంది?" అని పెద్దోడు తప్పక అడుగుతాడు. కరెంటు తిరిగి చెరువుకే రావాలి. రాకపోతే పారనే పారదు. మన చెరువు నీళ్లు కూడా ఆవిరై మబ్బై మళ్లీ చెరువుకే వస్తాయి కదా, అలాగే అనుకోండి. జీపులో ఈ తిరుగు దారికి వేరే వైరు చివరిదాకా లాగక్కర్లేదు. బాడీ ఇనుమే ఆ దారి, దాన్నే ఎర్త్ అంటారు. లైటు నల్ల వైరును బాడీకి బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు కింద రంగు గీకి, తళతళలాడే ఇనుము కనిపించాకే బిగించాలి. రంగు మీద బిగిస్తే లైటు మినుకుమినుకుమంటుంది. ఎల్‌ఈడీ పాడైందని కొత్తది కొంటారు, అదీ మినుకుతుంది. తప్పంతా ఆ రూపాయి బిళ్లంత రంగుది.

చెరువుకు వాన ఉన్నట్టే బ్యాటరీకి ఆల్టర్నేటర్. ఇంజిన్ తిరిగినంతసేపూ అది 14 వోల్టుల దాకా ఇస్తూ బ్యాటరీని నింపుతుంటుంది. ఇంజిన్ ఆపి లైటు వేసుకొని కబుర్లు చెప్పుకుంటే వాన లేని చెరువులో తూము తెరిచినట్టే. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 10 ఆంపియర్లను ఆరు గంటలు ఇవ్వగలిగేది. అందులో 10 ఆంపియర్ల లైటు మూడు గంటల్లో సగం తోడేస్తుంది. అప్పుడు అడవి మధ్యలో ఇంజిన్ స్టార్టు కాకపోవచ్చు.

వైర్ల మాట చాలు. లైటును ఆర్పి, పగటిపూట దాని అద్దంలోకి దగ్గరగా చూడండి. లోపల చిన్న చిన్న చదరాలు పసుపుగా కనిపిస్తాయి. తెల్లటి వెలుతురిచ్చే దాంట్లో పసుపెందుకు? అక్కడ అసలు పుట్టేది నీలి వెలుతురు. పైన పూసిన పసుపు పొడి ఆ నీలంలో కొంత తాగి పసుపు వెలుతురుగా వదులుతుంది. నీలం, పసుపు కలిసి మన కంటికి తెలుపు. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, బాగా వెలిగే నీలం కోసం లోకం మరో ముప్పై ఏళ్లు ఆగింది. అది సాధించిన ముగ్గురికి, అకసాకి, అమానో, నకమురలకు, 2014లో నోబెల్ ఇచ్చారు. గింజంత ముక్కలో నీలి వెలుతురు ఎలా పుడుతుందో కాలేజీలో చదువుకుందురు. ఇప్పుడు మాత్రం చూడండి. ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు.

ఒక్క మంచిమాట చెప్పనివ్వండి. చిన్నప్పుడు మేడారం జాతరకు ఎడ్లబండి మీద పోతుంటే ఎదురుగా లారీ లైటు పడేది. ఎడ్లు కళ్లు చెదిరి అడుగు వేసేవి కావు. బాపు దిగి వాటి మొహం మీద తువ్వాల అడ్డం పట్టేవాడు. వెలుతురు మన దారి చూసుకోవడానికి, ఎదుటివాడి దారి చెరపడానికి కాదు. ఈ పట్టీ లైటు పొలం బాటకు, అడవి బాటకు. ఏటూరునాగారం రోడ్డెక్కితే ఆర్పేయాల్సిందే, లేకపోతే పోలీసులు చలానా కూడా రాస్తారు. మీ చిన్నాయన తెలివైన పని చేశాడు. స్విచ్చి గుండా రిలేకు పోయే కబురు వైరును హెడ్‌లైట్ హై బీమ్ (దూరం పడే వెలుతురు) వైరు నుంచి తీసుకున్నాడు. ఎదురుగా బండి వచ్చి డిమ్ చేస్తే పట్టీ లైటు కూడా దానంతటదే ఆరిపోతుంది. మంచు పడ్డప్పుడూ దాన్ని వేయొద్దని చెప్పండి. వెలుతురు మంచు తుంపరలకు తగిలి తిరిగి మన కళ్లల్లోనే పడుతుంది, ముందు తెల్లగోడ లేచినట్టుంటుంది. కిందికి బిగించిన ఫాగ్ లైట్లు చాలు.

ఆదివారం మీ చిన్నాయన తీరికగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తించండి. ఇంజిన్ ఆపి ఉండాలి, మీరు ఏ వైరూ లాగకూడదు. ఒకరు లోపల కూర్చొని హై బీమ్ వేసి స్విచ్చి నొక్కండి, ఇంకొకరు రిలే మీద వేలు ఆనించండి. రేకు కొట్టుకోవడం వేలికి తెలుస్తుంది. తర్వాత బ్యాటరీ దగ్గరి నీలం ఫ్యూజును మీ చిన్నాయనతో పీకించి, ఎండకు పట్టి దాని లోపల వంకర తిరిగిన సన్న రేకును చూడండి. ఫ్యూజు బయట ఉండగానే హై బీమ్ వేసి మళ్లీ స్విచ్చి నొక్కండి. టిక్కు వినిపిస్తుంది, లైటు మాత్రం వెలగదు. ఎందుకు? ఆలోచించి, బొమ్మ గీసి, మీ ఇద్దరూ విడివిడిగా నాకు రాయండి. మీ చిన్నాయనను అడగొద్దు.

మీ తాత