ఆకాశం నుంచి తీసిన ఫొటోను చదివిందెవరు?

ఇప్పుడు ఎక్కడ యుద్ధం మొదలైనా గంటల్లో శాటిలైట్ ఫొటోలు ఫోన్లలోకి వచ్చేస్తున్నాయి, వాటి మీద ఎర్ర బాణాలు గీసి ఇది బంకర్, ఇది ఆయుధాల గోదాము అని ఎవరికి తోచింది వాళ్లు రాసేస్తున్నారు. ఈ పనే ఉద్యోగంగా చేసినవాళ్లు యుద్ధకాలంలో ఎంత కష్టపడ్డారో, ఎక్కడ పొరపడ్డారో తెలిస్తే బాణం గీసే ముందు ఎవరైనా కాస్త ఆగుతారు.

కొండలు, వాగులు ఎక్కడికీ పోవు గానీ యుద్ధంలో సైనికులు తలదాచుకునేందుకు తవ్వుకునే కందకాలు రాత్రికి రాత్రే మారిపోతాయి. పాత మ్యాపుతో సైన్యాన్ని ముందుకు పంపడమంటే చావుకు పంపడమే. అందుకే మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 మార్చిలో ఫ్రాన్స్‌లోని న్యువ్ షపెల్ దాడికి ముందు బ్రిటిష్ సైన్యం జర్మన్ కందకాలను విమానాల నుంచి ఫొటోలు తీయించి, వాటిని చూసి మ్యాపులు గీయించింది. మ్యాపులు గీసేవాళ్లకీ ఫొటోలు చదివేవాళ్లకీ అప్పటినుంచి విడదీయలేని బంధం.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఇంగ్లండ్‌లోని మెడ్మెనమ్‌లో ఒక పెద్ద బంగళా నిండా ఇలా ఫొటోలు చదివేవాళ్లే, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. కేంబ్రిడ్జ్‌లో తొలి మహిళా ప్రొఫెసర్, పురావస్తు పరిశోధకురాలు డొరొతీ గారడ్ కూడా అక్కడ పనిచేశారు. ఒకే చోటును కొంచెం ఎడంగా తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి రెండు కళ్లకూ చెరో ఫొటోను చూపే స్టీరియోస్కోప్ అనే పరికరంలోంచి చూస్తే ఇళ్లు, చెట్లు, గట్లు ఉబికి పైకి లేస్తాయి. నీడలు మాత్రం చూసేవాళ్ల వైపు పడేలా ఫొటో పెట్టుకోవాలి, తిప్పి పెడితే గుంత కాస్తా దిబ్బలా కనబడి మొత్తం లెక్క తప్పుతుంది. నీడ పొడవు, సూర్యుడి కోణం తెలిస్తే ఎత్తు కట్టేయొచ్చు.

అంత నైపుణ్యం ఉన్నా, ఏం వెతకాలో తెలియకపోతే కళ్లముందున్నదీ అందదు. జర్మనీలోని పీనెముండె తీరాన కనబడిన ఏటవాలు కట్టడాలను మొదట పూడిక తీసే యంత్రాలకు సంబంధించినవేమో అనుకున్నారు. పైలట్ లేని చిన్న విమానం కోసం చూడమని చెప్పాక, 1943 నవంబర్ చివర్లో తీసిన ఫొటోలో ఆ ర్యాంపు మీదే బుల్లి సిలువ ఆకారాన్ని మెడ్మెనమ్‌లోనే పనిచేసే కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ పట్టుకున్నారు. అది జర్మన్ల పైలట్ లేని ఎగిరే బాంబు, వీ-1. ఉత్తర ఫ్రాన్స్‌లో కడుతున్న అలాంటి స్థావరాలు దేనికో అప్పుడు తేలింది.

నన్ను బాగా కలచివేసేది ఇంకోటి. 1944 ఏప్రిల్ 4న దక్షిణాఫ్రికా వైమానిక దళం విమానం ఒకటి పోలండ్‌లో మోనోవిట్స్ కెమికల్ ఫ్యాక్టరీని ఫొటో తీసింది. ఆ రీల్‌లోనే పక్కనున్న ఆష్విట్స్, అంటే నాజీలు యూదులను లక్షల్లో చంపిన క్యాంపు కూడా పడింది. చదివేవాళ్లను అడిగింది ఫ్యాక్టరీ గురించి, వాళ్లు చెప్పిందీ ఫ్యాక్టరీ గురించే. వాళ్లను తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు, ఆ క్యాంపు గురించి వెతకమని వాళ్లకెవరూ చెప్పలేదు. 1979లో డినో బ్రుగియోని, రాబర్ట్ పోయిరియర్ అనే ఇద్దరు సీఐఏ నిపుణులు పాత ఫిల్ములు మళ్లీ తీసి చూసి, అందులో గ్యాస్ చాంబర్లను, శవాలను కాల్చే క్రిమటోరియాలను, వరుసల్లో నిలబెట్టిన మనుషులను గుర్తించి ప్రపంచానికి చూపించారు.