ముసురులో పెట్టలు, పెరట్లో గోంగూర

అమెరికా వాయవ్య మూలన ఉన్న సియాటిల్‌లో ఏడాదికి కురిసే వాన వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆంధ్రప్రదేశ్ సగటు వానా ఇంచుమించు అంతే. తేడా అంతా కురిసే తీరులో ఉంది. మనకు నైరుతి వచ్చి దంచి పోతుంది, నడుమ నడుమ ఎండ కాస్తుంది. అక్కడ అక్టోబరులో పట్టిన ముసురు ఏప్రిల్ దాకా వదలదు. ఏడాదిలో 150 రోజుల పాటు ఎంతో కొంత తడి పడుతూనే ఉంటుంది కానీ గొడుగు తీయాల్సినంత వాన అరుదు. జులై, ఆగస్టు వచ్చేసరికి మాత్రం చినుకు కోసం మొహం వాచిపోవాలి. తోటకు నీళ్లు అవసరమైన ఆ రెండు నెలల్లోనే వాన ఉండదు. ఇదీ అక్కడి వరస.

రెడ్‌మండ్, బాథెల్, సమామిష్ లాంటి సియాటిల్ శివారు ఊళ్లలో ఉద్యోగాల కోసం స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది పెరట్లో గోంగూర, బీర వేస్తారు. కొందరు నాలుగు పెట్టల్నీ పెంచుతారు. సియాటిల్ నగరం 2010లో నిబంధన సడలించి ఇంటికి ఎనిమిది దాకా కోళ్లను ఒప్పుకుంది, పుంజుల్ని మాత్రం వద్దంది. కాబట్టి సంక్రాంతి ఊసెత్తకూడదు.

కోళ్లు తెచ్చామని చెప్పగానే ఇక్కడి నుంచి అమ్మ ఫోన్‌లో అడిగే మొదటి మాట, "ఆ చలికి చచ్చిపోవూ?" అని. పోవు. సియాటిల్‌లో శీతాకాలపు రాత్రి మామూలుగా రెండు, మూడు డిగ్రీలు. కోడి ఒళ్లు 41 డిగ్రీల వేడి, పైన ఈకలు, వాటి కింద నూగు. పొడి చలి ఇంతకన్నా ఎక్కువున్నా బాగా ఈకలున్న కోడి తట్టుకుంటుంది. అక్కడ పెట్టను ఇబ్బంది పెట్టేవి రెండు: చాలని వెలుతురు, వదలని తడి.

ముందు వెలుతురు సంగతి. సియాటిల్ దాదాపు 47.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్‌లో పగలు 16 గంటలు, డిసెంబరులో ఎనిమిదిన్నర. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా ఈ తేడా 11 నుంచి 13 గంటల మధ్యే తిరుగుతుంది. కోళ్లన్నిటికీ మూలమైన ఎర్ర అడవికోడి ఆసియా ఉష్ణమండల పక్షి. ఎనిమిదిన్నర గంటల పగలు దాని వంశం ఎరగదు. గుడ్లు బాగా పెట్టాలంటే పెట్టకు రోజుకు 14 గంటలకు తగ్గకుండా వెలుతురు కావాలి.

ఆ వెలుతురును అది కళ్లతో లెక్కపెట్టదు. 1930లలో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా అనే శాస్త్రవేత్త బాతుల మీద ప్రయోగాలు చేశాడు. చూపు లేని బాతుల్లో కూడా, వెలుతురు ఉండే గంటలు పెంచితే జననాంగాలు పెరిగాయి. పక్షి పుర్రె ఎముక పలచన. ఈకల్నీ చర్మాన్నీ ఎముకనూ దాటుకుని కాస్త కాంతి, ముఖ్యంగా ఎరుపు వైపు కాంతి, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌ దాకా చేరుతుంది. కాంతిని పసిగట్టే కణాలు అక్కడే ఉన్నాయి. పగలు పొడుగైందని అవి గ్రహిస్తే పిట్యూటరీ గ్రంథికి కబురు, అక్కడి నుంచి హార్మోన్ల ద్వారా అండాశయానికి కబురు. అండాశయం నుంచి పచ్చసొన విడుదలైన దగ్గర్నుంచి గుడ్డు బయటికి వచ్చేసరికి సుమారు 25 గంటలు పడుతుంది, అందులో 20 గంటలు పెంకు కట్టడానికే. అందుకే గుడ్డు పెట్టే వేళ రోజురోజుకీ కాస్త ఆలస్యమై, చివరికి ఒక రోజు నాగా పడుతుంది.

నవంబరుకి గుడ్లు ఆగితే గూట్లో బల్బు పెట్టేవాళ్లున్నారు. పెట్టొచ్చు, చిన్న బల్బు చాలు. కానీ వెలుతురును పొడిగించాల్సింది తెల్లవారుజామున. సాయంత్రం టైమర్‌తో బల్బు టక్కున ఆరిపోతే, ఇంకా దండెం (రాత్రి కూర్చునే కర్ర) ఎక్కని కోళ్లు ఉన్నచోటే నేల మీద ఉండిపోతాయి. చీకట్లో కోడికి కళ్లు కనపడవు. నన్నడిగితే ఆ బల్బూ వద్దు. శరత్కాలంలో పెట్టలు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి. ఈకలో 85 శాతం దాకా ప్రొటీనే. ఒళ్లంతా కొత్త ఈకలు మొలిపించుకునే పెట్టను, అదే దాణాతో గుడ్లు కూడా ఇమ్మనడం అత్యాశ. ఆ రెండు నెలలు గుడ్లు కొనుక్కుంటే పోయిందేముంది?

ఇక తడి. పొడిగా ఉన్న నూగు వేడి గాలిని ఒంటికి పట్టి ఉంచుతుంది, తడిస్తే ఆ పని చేయదు. కోడి తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఈకలకు రాసుకుంటుంది. ఈక పాయలు ఒకదానికొకటి సన్నని కొక్కేలతో తగులుకుని ఉండబట్టి తుంపర జారిపోతుంది. సిల్కీ జాతికి ఆ కొక్కేలు లేవు, ఒళ్లంతా దూదిలా ఉంటుంది. పిల్లలు ముచ్చటపడి అడిగేది దాన్నే, ముసురులో ముందు నానిపోయేదీ అదే. మన అసీల్‌కు ఈకలు పొట్టివి, ఒంటికి అంటుకుని ఉంటాయి, కింద నూగు తక్కువ. ఎండల్లో అదే దానికి బలం, అక్కడ లోపం. అక్కడివాళ్లు ఎక్కువగా పెంచే ఆర్పింగ్టన్, ప్లిమత్ రాక్ లాంటివి ఒళ్లూ బరువు, ఈకా దట్టం.

చలి అని గూడు సందులన్నీ మూసేయడంతో అసలు చిక్కు మొదలవుతుంది. రెట్టలో ముప్పాతిక వంతు నీరే. దానికి కోళ్ల ఊపిరిలోని ఆవిరి తోడవుతుంది. పొద్దున్నే తలుపు తీస్తే కప్పు లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు వేలాడుతుంటే, ఆ గూట్లో గాలి ఆడటం లేదని అర్థం. గడ్డ కట్టే చలి వచ్చిన రాత్రి కోడి తల మీది ఎర్ర జుట్టు నల్లబడేది ఇలాంటి తడి గూట్లోనే. గాలి సందులు దండెం మీద కూర్చున్న కోళ్ల తలలకు పైన, చూరు కింద ఉండాలి. ఆవిరి పైకి పోతుంది, చలిగాలి కోళ్లకు తగలదు.

కోడికి మూత్రం విడిగా రాదు. రెట్ట మీద తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. తడి దొరికితే సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు దాటితే కోడి శ్వాసనాళంలో దుమ్మునూ క్రిములనూ బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది, ఆపైన జలుబూ గురకా వరస కడతాయి. తలుపు దగ్గర నిలబడి వాసన రావట్లేదంటే కుదరదు. వంగి ముక్కును నేల మీది పొట్టు దాకా దించి చూడాలి. కోడి ముక్కు ఉండేది అక్కడే కదా.

దీనికి మందు చెక్క పొట్టు. కింద మందంగా పరిచి, తడిసినచోట తిరగేస్తూ, పైన కొత్త పొట్టు వేస్తూ పోతారు. రెట్టలో నత్రజని ఎక్కువ, పొట్టులో కర్బనం ఎక్కువ. రెండూ కలిస్తే సూక్ష్మజీవులు నత్రజనిని అమ్మోనియాగా వదిలేయకుండా తమ ఒంట్లోకి తీసుకుంటాయి. వసంతానికి ఎరువు సగం తయారై ఉంటుంది.

ఆ ఎరువును ఎప్పుడు వేయాలన్నది అక్కడి తోటలో పెద్ద ప్రశ్న. శరత్కాలంలో మడులు ఖాళీగా ఉంటాయి కాబట్టి చల్లేద్దాం అనిపిస్తుంది. పచ్చి పెంటలోని నత్రజని నేలలో నైట్రేటుగా మారుతుంది, నైట్రేటును మట్టి పట్టుకోలేదు. ఆరు నెలల ముసురులో అది కిందికి దిగి వాగుల్లో కలుస్తుంది. అందుకని చలికాలమంతా కుప్పను టార్పాలిన్ కప్పి మాగనివ్వడమే మేలు. పెంట పచ్చిగానే వేశారా, మట్టికి తగిలే కూరల్ని 120 రోజుల దాకా కోయకూడదన్నది అమెరికా సేంద్రియ సాగు నియమం. సాల్మొనెల్లా క్రిముల భయం అలాంటిది.

నత్రజనితో పాటే సున్నమూ కొట్టుకుపోతుంది. కాల్షియం, మెగ్నీషియం ఏళ్ల తరబడి వానకు కడిగేసుకుపోవడం వల్ల సియాటిల్‌కు తూర్పున ఉన్న కాస్కేడ్ కొండలకు పడమటి నేలలు పుల్లబారాయి. బ్లూబెర్రీకి పండగ, క్యాబేజీ, ఆవ జాతులకు కష్టం, ఆమ్ల నేలలో వాటి వేళ్లు బుడిపెలు కట్టే తెగులు పెరుగుతుంది. సున్నపురాయి పొడి చల్లితే సరిపోతుంది. గుడ్డు పెంకులు చల్లుతున్నామంటారు కొందరు. మెత్తగా పొడి చేస్తేనే ఫలితం, చేత్తో నలిపి వేసిన పెంకు ఏళ్ల తర్వాత తవ్వినా పెంకులాగే కనిపిస్తుంది.

గుల్లలేని నత్తల సంగతీ చెప్పాలి, నారును రాత్రికి రాత్రే నేలమట్టం చేసేవి అవే. కోళ్లు ఏరుకు తినేస్తాయనుకుంటారు. వాటి గుడ్లనూ పిల్లల్నీ తింటాయి. పెద్ద నత్త జిగురు ముక్కుకు అంటుకుంటే విదిలించుకుని పోతాయి. పైగా కోడి గొంతులో చేరే గేప్ పురుగులు నత్తల ద్వారా, వానపాముల ద్వారా వస్తాయి. నాట్లకు ముందు ఓ పది రోజులు మడిలో కోళ్లను వదిలి, నాటాక వెళ్లగొట్టడం ఉత్తమం. లేకపోతే నత్తలు తినాల్సిన నారును అవే తింటాయి.

పెట్టను ఆడించే ఆ పగటి పొడుగే మన కూరల్నీ ఆడిస్తుంది. గోంగూర పగలు తగ్గితే పూతకొచ్చే మొక్క. జూన్, జులైల్లో పూత జోలికి పోకుండా వట్టి ఆకే వేస్తుంది, మనకు కావాల్సిందీ అదే. నేల వేడెక్కాలి కాబట్టి ఏప్రిల్‌లో ఇంట్లో నారు పోసి జూన్‌లో నాటుతారు. బీరకు ఇదే పొడుగు పగలు తంటా. తీగంతా మగపూలే. పగలు తగ్గి పిందెపూలు ఊపందుకునేసరికి రాత్రులు చల్లబడతాయి. టమాటాకు సెప్టెంబరు వానతో లేట్ బ్లైట్ అనే తెగులు వస్తుంది. 1845 నుంచి ఐర్లాండ్‌లో బంగాళదుంపను నాశనం చేసి కరువు తెచ్చిన జీవి ఇదే. ఆకు గంటల తరబడి తడిగా ఉంటేనే అది మొలుస్తుంది, మొక్కల మీద ప్లాస్టిక్ పైకప్పు వేస్తే చాలావరకు గట్టెక్కుతాం.

వాన కడగనిదీ ఒకటుంది. సియాటిల్‌కు దక్షిణాన ఉన్న టకోమా నగరం పక్కన రస్టన్‌లో రాగి కరిగించే కర్మాగారం దాదాపు వందేళ్లు నడిచి 1985లో ఆ పని ఆపేసింది. దాని పొగలోంచి ఆర్సెనిక్, సీసం సుమారు వెయ్యి చదరపు మైళ్ల మేర పైమట్టి మీద పడ్డాయి. కాల్షియంలా సీసం కొట్టుకుపోదు, మట్టి రేణువుల్ని అంటిపెట్టుకుని పై పొరలోనే ఉండిపోతుంది. కోడి గింజతో పాటు మట్టినీ మింగుతుంది, ఆ సీసం కొంత పచ్చసొనలోకి చేరుతుంది. సీసం రంగులు పూసిన పాత ఇళ్ల గోడల పక్కనా ఇదే ప్రమాదం. ఆ ప్రాంతంలో ఇల్లు తీసుకున్నవాళ్లు గూడు కట్టకముందే మట్టి పరీక్ష చేయించుకోవాలి. సీసం తేలితే కోళ్లు తిరిగే చోట చెక్క ముక్కలు మందంగా పరిచి, దాణాను తొట్టిలోనే పెట్టాలి, కూరలకు బయటి మట్టితో ఎత్తు మడులు కట్టుకోవాలి.